గోడ మీద గుండ్లవంక

"తిరుగు తిరుగు రాయమ్మా, తెల్లారి వచ్చె రాయమ్మా
ఊరు లేచేలోగ పిండంత రాలాల
పిండంత రాలేలోగ..."

ఇక్కడికి వచ్చేసరికి ఓబుళమ్మకు పాట తెగిపోతుంది.

పాట తెగిన చోట విసురురాయి చప్పుడు మాత్రం ఉంటుంది. వాన రాకముందు ఎక్కడో దూరంగా ఉరిమినట్టు. అమ్మ రాగులు విసురుతుంటే ఆమె తొడ మీద తల పెట్టుకుని పడుకునేది చిన్నప్పటి ఓబుళమ్మ. రాయి తిరిగినప్పుడల్లా అమ్మ ఒళ్లు ఊగేది, దానితో పాటు పిల్ల తల ఊగేది. పిండి ఎగిరి కనురెప్పల మీద పడేది. తుడుచుకుంటే నిద్ర చెదిరిపోతుందని తుడుచుకునేది కాదు.

ఆ మూడో వరసలో ఏముందో ఓబుళమ్మ అడగని మనిషి లేదు. కాలనీలో ఒకామె "పిండంత రాలేలోగ పిల్లోడు లేచె" అనింది. ఇంకొకామె "మామ వచ్చె" అని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏదీ అతకలేదు. అందరికంటే పెద్దది సుంకులమ్మ. ఆమె మంచంలోంచే చెయ్యి ఊపి, "రాయే లేదు, ఇంక పాట యాడిది లేవే" అనింది. తర్వాత సుంకులమ్మా ఎక్కువ కాలం లేదు. ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

గుండ్లవంక అని ఒక ఊరు ఉండేది. వంక నిండా గుండ్రటి రాళ్లు, ఒడ్డున మిద్దె ఇండ్లు. ఓబుళమ్మ పావడా కట్టే వయసులో ఆ నేల యూనివర్సిటీకి కావాలన్నారు. చదువంటే మంచిదే గదా అని పెద్దలు వేలిముద్రలు వేశారు. రోడ్డుకు అవతల కాలనీ వేసి రేకుల ఇండ్లు ఇచ్చారు. సామాను బండికెత్తేటప్పుడు విసురురాయి బరువెక్కువైందని దించేసి, "మలి బండికి తెచ్చుకుందాంలే" అనింది అమ్మ.

మలి బండి పోయేసరికి నేల చదునైపోయింది. రాయి ఏ మట్టి కిందికి పోయిందో తెలియదు. రేకుల ఇంట్లో అమ్మ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉండి కన్ను మూసింది. ఫోటో దిగిన మనిషి కాదు.

ఊరి గుర్తులు రెండే మిగిలాయి. ఒకటి బోడిగుట్ట. రెండోది వంక. దానికి ఇప్పుడు సిమెంటు పూసి కాలువ చేశారు. ఆ రెంటికీ నడుమ నిలబడి, ఇది గౌండ్లోళ్ల ఇల్లు, ఇది గంగమ్మ కట్ట, ఇది మా వాకిలి అని లెక్క వేసుకుంటూ వస్తే, అమ్మ రాగులు విసిరిన చోటు సరిగ్గా పరిపాలనా భవనం మెట్ల పైన, అద్దాల తలుపు దగ్గర పడుతుంది.

ఆ భవనం మీద వెలుగు బొమ్మలు వేస్తారని తెలిసిన రోజు ఓబుళమ్మకు అన్నం సయించలేదు.

యూనివర్సిటీ పుట్టి యాభై ఏండ్లయిందని ఉత్సవాలు పెట్టారు. సాయంత్రాలు ఆ పెద్ద గోడ మీద ప్రొజెక్టర్‌తో కదిలే బొమ్మలు చూపిస్తారట. బొమ్మల శాఖ నుంచి ఒక ఆట దస్తగిరి అయ్యోరు చేయాలని పిలుపు వచ్చింది. ఆయన ఆ శాఖలో చాలా ఏండ్లు పాఠం చెప్పి దిగిపోయినాయన. వెలుగుతో బొమ్మ వేయడంలో ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఆయన తర్వాతే ఎవరైనా. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టారు.

"నా వంతు ఓబుళమ్మ చేస్తుంది" అని ఆయన కబురు చేశారు.

"ఓబుళమ్మ అంటే... మన శాఖలో ఊడ్చే ఓబుళమ్మేనా?" అని అడిగారట ఆఫీసువాళ్లు.

"ఆమే. ఇప్పుడు ఊడ్వడం లేదులే, రిటైరయింది" అన్నారట అయ్యోరు.

ఓబుళమ్మ ఆయన దగ్గర శిష్యురాలు అయిన తీరు కూడా చెప్పాలి.

భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకు వచ్చింది. చీపురు పట్టుకుని ఒకనాడు తరగతి గదిలోకి పోతే, లోపల చీకటి చేసి, గోడ మీద ఏదో కొండ బొమ్మ వేసి ఉన్నారు. ఓబుళమ్మ చీపురు అక్కడే ఆగిపోయింది. గోడ పగలగొట్టకుండా దాంట్లోకి కొండ ఎట్ల వచ్చిందబ్బా అని. పిల్లలు వెళ్లిపోయినా ఆమె కదల్లేదు.

"పేరు రాస్తావా?" అని అడిగారు అయ్యోరు.

"ఏలిముద్రే సామీ."

ఆయన ఒక గాజు ముక్కకు మసి పూసి, గోటితో ఒక అక్షరం గీకి, వెలుగుపెట్టెలో దూర్చారు. గోడ మీద ఆమెకంటే ఎత్తుగా 'ఓ' లేచి నిలబడింది.

"నీ పేరు ఇట్ల మొదలవుతుంది. చేత్తో దిద్దు."

"ఓ యమ్మా! నా పేరుకు ఇంత కడుపుందా?" అనింది ఓబుళమ్మ. అయ్యోరు చాలాసేపు నవ్వారు.

ఆమె దగ్గరికి పోయి వేలితో దిద్దబోయింది. ఆమె నీడ గోడ మీద పడింది. అక్షరం సగం నల్లబడింది.

"పక్కకు జరుగు, ఓబుళమ్మా. నీ నీడలో మునిగిపోయింది చూడు."

పక్కన నిలబడి, చెయ్యి మాత్రం చాపి దిద్దడం నేర్చుకుంది. అట్లా ఒక్కొక్క అక్షరం గోడ మీద మనిషంత నిలబడి ఆమెకు పరిచయమైంది. పలకల మీద నేర్చుకున్నవాళ్లకు అక్షరాలు చిన్నవిగా ఉంటాయేమో. ఆమెకు ఇప్పటికీ ఏ పేపరు చూసినా, ఇంత పెద్దవాటిని ఇంత చిన్నగా ఎవరు మడిచి పెట్టారా అనిపిస్తుంది.

అక్షరాల తర్వాత బొమ్మలు. గాజు మీద మసి పోయి కాగితం మీద బొగ్గు వచ్చింది. ఒక బొమ్మ గీయడం, ఫోన్‌తో ఫోటో తీయడం, కొంచెం చెరిపి మళ్లీ గీయడం, మళ్లీ ఫోటో. అవన్నీ వరసగా తిప్పితే బొమ్మలోని మనిషి చెయ్యి కదులుతుంది. మొదటిసారి చెయ్యి కదిలినప్పుడు ఆమె ఆ చేతికి దండం పెట్టింది.

అయ్యోరు ఎప్పుడూ పెద్దగా చెప్పింది లేదు. బొమ్మ బాగా లేకపోతే ఒకటే మాట. "నువ్వు అడ్డముండావు. పక్కకు జరుగు, ఓబుళమ్మా." ఎవరితోనైనా పోట్లాడి వచ్చి చాడీలు చెప్పినా అదే మాట. నేను గీసిన గేదె ఎట్లుందో చూడండని మురిసిపోయినా అదే మాట. శాఖలో పిల్లలకు అది ఆటయిపోయింది. ఆమె టీ కప్పులు పట్టుకుని వరండాలోకి వస్తే చాలు, "పక్కకు జరుగు, ఓబుళమ్మా" అని అయ్యోరి గొంతు పెట్టి అరిచేవాళ్లు. "మీ నోర్లు పడ" అని ఆమె కూడా నవ్వేది.

అట్లాంటి ఓబుళమ్మకు ఆ గోడ దొరికింది.

ఆమె మారుమాట లేకుండా గుండ్లవంక గీయడం మొదలుపెట్టింది. నెలల తరబడి గీసింది. కాలనీలో ఇల్లంతా బొగ్గు పొడి. వంక, వంకలో బట్టలు ఉతికేవాళ్లు, మిద్దెల మీద ఎండబెట్టిన మిరపకాయలు, ఎద్దులబండి, పొద్దున్నే పొగలు. అన్నీ గోడంత పెద్దవి. అమ్మను మాత్రం అమ్మ ఎంత ఉండేదో అంతే గీసింది. కింద, మెట్ల పైన, అద్దాల తలుపు ఉన్న చోట కూర్చుని రాయి తిప్పుతుంది అమ్మ. ఆమె చోట ఆమె. అదొక్కటి కనిపిస్తే చాలని ఓబుళమ్మ కోరిక. ఒక్క సాయంత్రం అమ్మ తన వాకిట్లో తాను కూర్చోవాలి.

మొదటిసారి గోడ మీద వేసి చూసిన సాయంత్రం ఆమె అట్లా నిలబడిపోయింది.

కిటికీలు ఇండ్లను కోసేశాయి. ఎద్దులకు కొమ్ముల మధ్య ఏసీ పెట్టె వచ్చింది. వంక మధ్యలో యూనివర్సిటీ గుర్తు, దాని చుట్టూ సంస్కృతంలో ఏవో అక్షరాలు. అవి సరే. అమ్మ? అమ్మ లేనే లేదు. తలుపు అద్దం. అద్దం మీద వెలుగు నిలబడదు. లోపలికి దూరి ఎక్కడో పడిపోతుంది. రాయి లేదు, చెయ్యి లేదు. నల్లగా తలుపు ఒక్కటి.

ఓబుళమ్మ ఇంజనీరు దగ్గరికి పోయింది.

"సారూ, ఆ అద్దాల తలుపుకు ఒక్క సాయంత్రం తెల్లగుడ్డ కట్టిస్తారా? కిటికీలకు కూడా కడితే ఇంకా మేలు."

"ఏంటికవ్వా?"

"అద్దం మీద బొమ్మ నిలబడదు సారూ. ఆడ మా అమ్మ ఉండాల."

"అవ్వా, ఆ తలుపులోంచి ముఖ్య అతిథి నడిచి రావాల. గుడ్డ కడితే ఎట్ల వస్తాడు? కోడి గంప కింది నుంచి వచ్చినట్టు వంగి వస్తాడా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నెమ్మదిగానే చెప్పాడు. "బిల్డింగు కోసమే గదవ్వా ఈ లైట్లన్నీ. బిల్డింగు కనపడకుండా చేయమంటే ఎట్ల?"

ఓబుళమ్మ కుర్చీలోంచి లేచింది. ఆయన చెప్పింది నిజమే.

ఇంకో దెబ్బ ఆ మరుసటి రోజు తగిలింది. శాఖ గదిలో ఆమె బొమ్మలు వరసగా పేర్చుకుంటుంటే చదువుకునే అమ్మాయి ఒకతె వచ్చి వంగి చూసింది.

"అవ్వా, ఊర్లో అందరూ మీ చుట్టాలేనా?"

"ఏంటికి పాపా?"

"అందరూ నీ మాదిరే ఉండారే! ఈ తాత కూడా నువ్వే. మీసాలు పెట్టినావంతే."

ఓబుళమ్మ గట్టిగా నవ్వింది. అమ్మాయి పోయాక, ఇంటి నుంచి తెచ్చుకున్న దువ్వెన అద్దం తీసి, ఒక్కొక్క బొమ్మ పక్కన తన మొఖం పెట్టి చూసుకుంది. వంకలో ఉతికేవాళ్లు, బండి తోలేవాడు, పొయ్యి ఊదే ఆడవాళ్లు. నిజమే. అందరికీ ఆమె ముక్కే. అందరికీ ఆమె నుదురే.

చివరకు అమ్మ బొమ్మ తీసింది. అద్దంలో ఒక ఓబుళమ్మ, కాగితం మీద ఒక ఓబుళమ్మ.

అమ్మ మొఖం తనకు గుర్తు లేదు. గుర్తుందని ఇన్నేండ్లు నమ్మింది. ఎవరైనా మీ అమ్మ ఎట్లుండేదంటే, చామనఛాయ, పొడుగు మనిషి అని చెప్పేది. అవి మాటలు. మాటల వెనక మొఖం ఎప్పుడు జారిపోయిందో, ఏ పొద్దున పోయిందో కూడా తెలియదు. పాట పోయింది. రాయి పోయింది. మొఖం పోయింది. ఇంక గోడ మీద వేస్తానన్న ఊరు ఎవరిది?

దర్గా వెనక సందులో అయ్యోరి ఇల్లు. ఓబుళమ్మ పోయేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం.

"రా, ఓబుళమ్మా. కొత్త హుక్కా ఇచ్చినారు చూడు. పొగ రాదు, రుచి లేదు."

ఆమె నవ్వలేదు. కింద కూర్చుంది.

"అయ్యోరా, నా వల్ల కాదు. వేరే ఎవరికన్నా ఇచ్చేయండి."

ఆయన లోపలి వైపు చెయ్యి ఊపారు. ఆయన భార్య రహమత్‌బీ టీ తెచ్చి పెట్టింది.

"ఆ గోడ మా ఊరిని ఒకసారి మింగింది. ఇప్పుడు బొమ్మను కూడా మింగుతాంది. కిటికీ మింగుతాంది, తలుపు మింగుతాంది. ఎన్ని రకాలుగా గీసినా గోడే కనపడుతుంది. ఒక్కటి చెప్పండి. గోడను మాయం చేయడం ఎట్ల? ఆ విద్య మీకు తెలిసే ఉంటుంది. గోడ లేకుండా ఊరు కనపడాల. అంతే నాకు కావాల్సింది."

"టీ చల్లారిపోతాంది."

"టీతో తీరేది కాదులే నా బాధ."

"తాగు ముందు."

ఆమె తాగింది. కండ్లలో నీళ్లు కప్పులో పడకుండా పక్కకు తిరిగి తాగింది. ఆయన ఊపిరి కూడగట్టుకునే దాకా గదిలో సిలిండరు బుసబుసమనే చప్పుడే ఉండింది.

"రేపు దీపాలేళకు గోడ దగ్గరికి రా. నేను వస్తా."

"యాడికి వచ్చేది?" అని రహమత్‌బీ లోపలి నుంచి వచ్చింది. "డాక్టరు మంచం దిగొద్దన్నాడు. మీకు చెవుడు కూడా వచ్చిందా?"

"మంచం దిగను. ఆటోలో కూర్చుంటా" అన్నారు అయ్యోరు.

మరుసటి రోజు పొద్దు గుంకినాక ఆటో వచ్చింది. ముందు సిలిండరు దిగింది, తర్వాత రహమత్‌బీ, తర్వాత అయ్యోరు. చెవులకు మఫ్లరు. గడ్డి మైదానంలో ఇనుప పైపులతో మనిషి ఎత్తు మంచె కట్టి, దాని మీద ప్రొజెక్టర్ పెట్టి ఉన్నారు. అయ్యోరు మంచె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"వెయ్యి" అన్నారు.

ఓబుళమ్మ వేసింది. గోడ మీదికి గుండ్లవంక వచ్చింది. ముక్కలు ముక్కలుగా, కిటికీల మధ్య, ఏసీ పెట్టెల మధ్య. కింద తలుపు నల్లగా ఉంది.

ఆయన చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. రహమత్‌బీ "అయ్యో" అంటూ గొట్టం పట్టుకుని వెంట వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తి, ప్రొజెక్టర్ కింది మర సడలించి, పెట్టె మూతిని నెమ్మదిగా పైకి తిప్పారు.

ఊరు గోడ మీద జారింది. మిద్దెలు, బండి, పొగలు పైకి పోయాయి. భవనం పిట్టగోడ దాటాయి. దాటిన తర్వాత లేవు.

ప్రొజెక్టర్ నడుస్తూనే ఉంది. దాని ఫ్యాను తిరుగుతూనే ఉంది. పైన ఆకాశం ఎప్పటి మాదిరే నల్లగా ఉంది.

"ఇంద" అన్నారు అయ్యోరు. "గోడ తీసేసినా."

ఓబుళమ్మ తల ఎత్తి చూసింది. ఎంత చూసినా ఏమీ లేదు. పెట్టె మూతి దగ్గర మాత్రం వెలుగులో దుమ్ము తెల్లగా రాలుతోంది. మెత్తగా, ఆగకుండా, రాగిపిండి రాలినట్టు.

"మా ఊరు యాడికి పోయింది, అయ్యోరా?"

"పోలేదు. పోతానే ఉండాది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆయాసం తగ్గడానికి చాలాసేపు పట్టింది. రహమత్‌బీ వీపు రుద్దుతూ ఓబుళమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఇంకా ఏదో ఉంది. ఓబుళమ్మ ఆ చూపుకు తల వంచుకుంది. తర్వాత మంచె దగ్గరికి పోయి, తన చేత్తో తానే పెట్టె మూతిని కిందికి, గోడ వైపు దించింది.

ఆమె ఇంక గుడ్డల కోసం ఎవరినీ అడగలేదు. కిటికీల లెక్క మానేసింది.

ఆట ఉన్న సాయంత్రం మైదానం నిండా జనం. ముందు భవనం పునాది నుంచి పైదాకా రంగులు పాకే ఆట ఒకటి వేశారు. పిల్లలు ఈలలు వేశారు. తర్వాత రాకెట్ ఎగిరే ఆట. అది పోయి గోడ పగిలినట్టు, అందులోంచి సింహం దూకినట్టు వేశారు. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. లోపల విందు.

"ఇప్పుడు మన విశ్రాంత సిబ్బంది ఓబుళమ్మగారి గ్రామీణ దృశ్యాలు" అని మైకులో ఒకబ్బాయి చదివాడు.

గోడ మీదికి బొగ్గు గీతల ఊరు వచ్చింది. రంగు లేదు. స్పీకర్లలోంచి ఓబుళమ్మ గొంతు వచ్చింది. తిరుగు తిరుగు రాయమ్మా, తెల్లారి వచ్చె రాయమ్మా. ముసలి గొంతు. పిండంత రాలేలోగ అన్న దగ్గర ఆగిపోయింది. తర్వాత చప్పుడు లేదు. తనకు తెలిసినంతే పాడి పెట్టింది ఆమె.

"సౌండు పోయింది!" అని ఎవరో అరిచారు.

"డీజే పెట్టండన్నా!"

కొందరు గోడకు వీపు తిప్పి సెల్ఫీలు దిగారు. ఎక్కువమంది బజ్జీల బండ్ల వైపు నడిచారు. వంకలో ఆడవాళ్లు బట్టలు ఉతుకుతూనే ఉన్నారు. బండి ఎక్కడికో పోతూనే ఉంది. ఊరంతా ఒకటే మొఖం. నిలబడి చూసేవాళ్లు పలచబడ్డారు. ఉన్నవాళ్లకూ అది ఏ ఊరో తెలియదు. తాము నిలబడిన గడ్డి కింద అది ఉందని మైకులో ఎవరూ చదవలేదు.

మంచె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దస్తగిరి అయ్యోరు ఉన్నారు. రావద్దంటే వినలేదట.

ఆ సాయంత్రం గడిచాక ఆయన ఎక్కువ రోజులు లేరు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు. గొంతులోకి గొట్టం వేశారు. ఓబుళమ్మ పోయి మంచం పక్కన నిలబడితే చూసేవారు గానీ, మాట లేదు. అట్లాగే పోయారు. అందుకని ఆయన మాటల్లో ఆమె దగ్గర మిగిలిన చివరిది ఆ మైదానంలో అన్నదే.

అది ఇట్లా జరిగింది.

ఊరు సగం ఆడేసరికి ఓబుళమ్మ ఆయన పక్క నుంచి లేచింది. అమ్మ చెయ్యి రాయి తిప్పే చోటు వస్తుంది ఇప్పుడు. గీసింది తనే కాబట్టి ఎక్కడ ఏముందో తెలుసు. గోడ మీద మాత్రం అక్కడ నల్లటి తలుపు. వెలుగు దాంట్లోకి దూరి ఏమవుతుందో, లోపల ఏ నేల మీదైనా పడుతుందేమో, అమ్మ చెయ్యి ఏ మూలైనా కొంచెం కనపడుతుందేమో చూద్దామని నడిచింది. ఆ రోజు తెల్లచీర కట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె కట్టేది అవే.

గడ్డి దాటింది. మెట్లెక్కింది. ఆమె నీడ ముందు లేచి తలుపు పక్క గోడ మీద పడింది.

"ఎవరో అడ్డం పోతాండారు!"

"పక్కకు జరుగవ్వా! బొమ్మ కనపడ్డం లేదు!"

అంతవరకు చూడనివాళ్లు కూడా అరిచారు.

ఓబుళమ్మ అద్దానికి మొఖం దగ్గరగా పెట్టింది. లోపల పూలకుండీలు, ఎవరూ కూర్చోని సోఫా, దూరంగా విందు గదిలోంచి నవ్వులు. అమ్మ లేదు. ఏ నేల మీదా ఏ మూలా లేదు. అద్దంలో నల్లటి మనిషి ఆకారం ఒకటి ఉంది, అంచుల్లో వెలుగుతో. మొఖం కనపడటం లేదు. వెలుగుకు బరువుండదు. వీపున తెల్లచీర మీద ఏం పడుతోందో మనిషికి తెలియదు.

బొమ్మ మీద తన నీడ పడుతోందని మాత్రం ఆమెకు తెలుసు. ఎన్నో ఏండ్ల అలవాటు. ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె ఒక కాలు పక్కకు పెట్టింది.

వెనక కుర్చీ పడిన చప్పుడు వినిపించింది. రహమత్‌బీ కేక వినిపించింది. ఆ తర్వాత, ముక్కుకు గొట్టం లేకుండా, ఉన్న ఊపిరంతా పెట్టి, మైదానం ఆ చివర నుంచి ఆయన గొంతు వచ్చింది.

"జరగొద్దు, ఓబుళమ్మా."